దుమ్ములో చివరి గుర్రం

క్లారీ పెండర్ ఏడాదంతా దాదాపు నోరు విప్పేవాడు కాదు. గాలిమరలు బాగుచేసేవాడికి మాటలతో పనేముంది? పైకెక్కితే గాలి, కిందికి దిగితే గొర్రెలు. రెండింటికీ తమ గోల తమదే గాని ఎదుటివాడి మాట వినే ఓపిక ఉండదు. కాని సెప్టెంబరు మొదటి శనివారం వచ్చిందంటే టూలబిన్ ఊరు ఊరంతా క్లారీ నోటికి చెవులప్పగించేది. ఆ రోజు మా కప్పు పందెం. మైదానం పక్కన నాలుగు గుంజల మీద రేకుల గూడొకటి ఉంటుంది. దాని నిచ్చెనెక్కి, మైకు ముందు కూర్చుని, ఏ గుర్రం ముందుందో ఏది వెనకబడిందో గుక్కతిప్పుకోకుండా చెప్పడం అతని పని. జీతం లేదు. రెండు బీర్లు, మాంసం కూరి కాల్చిన మటన్ పై ఒకటి ఇచ్చేవారు. అది ఎప్పుడూ చల్లారిపోయే వచ్చేది.

ఈ పని అతనికి యుద్ధం అయిపోయిన కొత్తల్లో అంటుకుంది. అంతకుముందు చెప్పే పెద్దమనిషి ఒక పందెంలో మరీ ఊగిపోయి అరిస్తే కట్టుడుపళ్ళు ఊడి జనంలో పడ్డాయి. మళ్ళీ దొరకలేదు. కుర్రాడు, గొంతుంది, పళ్ళు సొంతవి అని క్లారీని ఎక్కించారు.

మా మట్టి సంగతి చెప్పాలి. ఎర్రగా, జల్లించిన పిండిలా ఉంటుంది. గొర్రె తుమ్మినా లేస్తుంది. అలాంటిది గుర్రాలు పరిగెత్తితే ఆగుతుందా? పందెం జనం ముందు మొదలై, మైదానాన్ని చుట్టి, మళ్ళీ జనం ముందుకొచ్చి ముగుస్తుంది. బయలుదేరినప్పుడు గుర్రాలు కనిపిస్తాయి, వచ్చేటప్పుడు కనిపిస్తాయి. మధ్యలో, అటు పక్క, గుర్రాలుండవు. ఎర్ర మబ్బొకటి నేల మీద దొర్లుతూ పోతూ ఉంటుంది.

మొదటి పందెంలో క్లారీ నిజాయితీగా, "గుర్రాలు దుమ్ములోకెళ్ళాయి. నాకేమీ కనిపించట్లేదు" అని చెప్పి, మబ్బు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జనం ఒంటికాలి మీద లేచారు.

"కనిపించట్లేదని చెప్పడానికి నువ్వెందుకోయ్? ఆ సంగతి మాకూ కనిపిస్తూనే ఉందిగా" అని కింద నుంచి పబ్బు యజమాని అరిచాడు.

దాంతో రెండో పందెం నుంచి క్లారీ కల్పించడం మొదలుపెట్టాడు. పాపమని కూడా అనుకోలేదు. మబ్బు వంక చూస్తూ, అందులో ఏం జరుగుతుంటే బాగుంటుందో అది చెప్పేవాడు. నల్ల గుర్రం కంచె పక్క నుంచి దూరిందనేవాడు. గోధుమరంగుది తూలి నిలదొక్కుకుందనేవాడు. ఒక ఏడాది మరీ ఉత్సాహం పుట్టి, మనిషెత్తు ఈమూ పక్షి ఒకటి అడ్డం వచ్చిందనీ, మేజర్ అనే గుర్రం దాని మీద నుంచి దూకిందనీ చెప్పాడు. ఆడవాళ్ళు టోపీలు పట్టుకుని లేచి నిలబడ్డారు. మరుసటి నెల పందేల సంఘం వాళ్ళు కూర్చుని చర్చించి మైదానం చుట్టూ ఈమూలు రాకుండా కంచె వేయించారు. ఊరి హాల్లో టూలబిన్ గుర్రప్పందాల చరిత్ర అని ఒక గోడ ఉంది. దాని మీద ఆ ఈమూ బొమ్మ ఇప్పటికీ ఉంది, నిలువెత్తున, గుర్రం కంటే పెద్దగా. ఆ గోడ మీద ఉన్నవన్నీ దుమ్ములో జరిగినవే. మేం కళ్ళారా చూసిన సగంలో చెప్పుకోదగ్గది ఏనాడూ ఏమీ జరగలేదు.

కల్పించినవాడు కల్పించినట్టు ఊరుకుంటే బాగుండును. కాని వింత ఏమిటంటే, మబ్బులోంచి గుర్రాలు బయటికి వచ్చేటప్పుడు క్లారీ చెప్పిన వరసలోనే వచ్చేవి. మొదటిసారి తానే ఉలిక్కిపడ్డాడు. రెండోసారి తల గోక్కున్నాడు. నాలుగైదేళ్ళయ్యేసరికి తనకేదో చూపుందని గట్టిగా నమ్మాడు. గాలిమర పైన కూర్చుని ఆ సంగతే తలుచుకుని ఒక్కడే నవ్వుకునేవాడు. ఊరు కూడా నమ్మింది. తప్పిపోయిన ఆవుల గురించి అడగడానికి అతని ఇంటికి వచ్చినవాళ్ళున్నారు. ఆవుల విషయంలో మాత్రం ఒక్కసారీ నిజం కాలేదు.

ఇక హిల్డా ట్రెలోర్. ఊళ్ళో ఉన్న ఒకే ఒక బేకరీ ఆమెది. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి రొట్టెలన్నీ అమ్మేసి, వాగు పక్కన తన పొలం చెక్కలో ఒక్క గుర్రాన్ని పెట్టుకుని తనే తర్ఫీదు ఇచ్చేది. ప్రతి ఏడూ ఆ ఒక్కదాన్నీ కప్పుకి దింపేది. పెళ్ళి చేసుకోలేదు. మాట కటువు, రొట్టె మెత్తన అని ఊళ్ళో అనేవారు.

క్లారీకి ఆమె అంటే ప్రాణం. ఇందులో దాచేదేముంది, ఊరందరికీ తెలుసు, చెప్పాల్సినవాడు తప్ప అందరూ చెప్పుకున్నారు. అతని రెండో కప్పుకి ముందు రాత్రి జరిగిన డ్యాన్సులో ఇద్దరూ రెండు పాటలకి కలిసి ఆడారు. మరునాడు దుమ్ము లేవగానే అతని నోరు ఊరుకోక, "హిల్డా ట్రెలోర్ గుర్రం అందరికంటే ముందుంది, ఎంత అందంగా పరిగెడుతోందో" అనేశాడు. అంతే, జనంలోంచి పిల్లికూతలు. "అందం గుర్రానిదా క్లారీ?" అని ఎవడో అడిగాడు. మైదానమంతా నవ్వు. హిల్డా టోపీ కిందికి లాక్కుని కూర్చుంది. క్లారీ చెవులు ఎర్రబడి, అప్పటికప్పుడు ఆ గుర్రాన్ని ఒక్కొక్క మెట్టే వెనక్కి తీసుకొచ్చి అందరి వెనకాల పెట్టాడు.

అప్పటినుంచి ప్రతి ఏడూ అదే. ఆమె మీద పక్షపాతమని ఎవరూ అనకూడదు గదా. హిల్డా గుర్రాలు మారాయి గాని చోటు మారలేదు. అయితే ఒక్క తేడా ఉండేది. ముందున్న గుర్రాల గురించి రెండు మాటలు చెప్పి వదిలేసేవాడు. చివరిదాని గురించి మాత్రం తీరిగ్గా, ఎవరికీ అనుమానం రాదన్న ధైర్యంతో చెప్పుకుపోయేవాడు. "అందరి వెనకాల, తొందర లేకుండా, తల ఎత్తుకుని వస్తోంది. దానికి ఎవరితోనూ పోటీ లేదు. దుమ్మంతా దాని మీదే పడుతోంది, అయినా కళ్ళు తిప్పుకోలేం" అనేవాడు. మబ్బు తేలేది. హిల్డా గుర్రం చివర వచ్చేది. పాపం, ఆమెకి చేతకాని గుర్రాలే దొరుకుతాయి అనుకుని క్లారీ నిట్టూర్చేవాడు.

ఇలా పాతికేళ్ళ పైన గడిచిపోయాయి. ఇద్దరికీ జుట్టు నెరిసింది. వానల్లేక వాగు ఎండిపోయి మూడేళ్ళయిన ఆ ఏడాది, కప్పుకి వారం ముందు, క్లారీ రొట్టె కొనడానికి వెళ్ళాడు.

"ఈ కప్పు అయ్యాక బేకరీ అమ్మేస్తున్నా" అంది హిల్డా, రొట్టె కాగితంలో చుడుతూ. "సముద్రం ఒడ్డున మా చెల్లెలి దగ్గరికి పోతా."

"అలాగా" అన్నాడు క్లారీ.

"ఇన్నేళ్ళు గుర్రాల్ని దింపా. చివరి చోటు తప్ప నాకు దక్కిందేం లేదు. ఇంక ఇక్కడ దేనికోసం ఉండాలి?"

క్లారీ రొట్టె అందుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "రొట్టె మర్చిపోయా" అన్నాడు.

"చేతిలో ఉంది" అంది హిల్డా.

ఆ వారమంతా అతనికి అన్నం సహించలేదు. ఆమె వెళ్ళిపోతే ఈ ఊళ్ళో తనకి మిగిలేది గాలి, గొర్రెలు. హిల్డా గుర్రం ఒక్కసారి గెలిస్తే ఆమె ఉండిపోతుందని అతనికి అనిపించింది. కాని గెలిపించడం తన చేతిలో ఉందా? ఆ ఏడాది ఆమె గుర్రం పేరు కస్టర్డ్. లేత పసుపు రంగు ఆడగుర్రం. బొద్దుగా ఉండేది, మేత మీద దానికి ఉన్న శ్రద్ధ లోకంలో మరి దేని మీదా ఉండేది కాదు.

గురువారం నాడు సిడ్ మల్కాహి పెరట్లో గాలిమర చక్రం బిగిస్తూ పైన కూర్చున్నాడు క్లారీ. సిడ్ జాకీ. మొదటి నుంచీ హిల్డా గుర్రాల్ని నడిపేది అతనే. మోకాళ్ళు అరిగిపోయాయి, అరవై దగ్గర పడింది, ఇదే ఆఖరు పందెమని చెప్పేశాడు. కింద బకెట్టు బోర్లించి కూర్చుని పైకి కేకేశాడు.

"ఏమోయ్ క్లారీ, ఆఖరుసారి కదా, ఈసారన్నా నన్ను కాస్త ముందుకి రానియ్యి."

"నేను రానివ్వడం ఏంట్రా?"

"అంటే దుమ్ములో. ఎప్పుడూ చివరే పెడతావు. ఆవిడ గుర్రాల్ని లాగి పట్టుకోలేక నా భుజాలు జారిపోయాయి. వెనకటి ఆ నల్లదుండేది చూడు, తుఫాను. దాన్ని వెనకాల ఉంచడానికి ఎంత ఏడ్చానో నాకు తెలుసు."

క్లారీ చేతిలోని పానా జారి కిందపడి బకెట్టుకి తగిలింది. "ఎవడు ఉంచమన్నాడు నిన్ను?"

సిడ్ విచిత్రంగా చూశాడు. "నువ్వే కదా. దుమ్ములో నా గుర్రం చెవులే నాకు కనపడవు. ఎవడు ముందో ఎవడు వెనకో ఎవడికి తెలుస్తుంది? అటు పక్క చెట్టు మీద నీ గొంతు వినిపిస్తుంది. నువ్వు ఎవణ్ణి మూడో వాడంటే వాడు మూడో చోటుకి సర్దుకుంటాడు. నువ్వు పైనుంచి చూస్తున్నావు కదా, నీ మాట ఎవడు కాదంటాడు?"

క్లారీకి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నేల ఎలాగూ చాలా కిందే ఉంది. ఒకప్పుడు పబ్బు యజమాని లౌడ్‌స్పీకర్లు కొని జనం వైపు మూడు పెట్టించి, నాలుగోది మిగిలిపోతే పారేయడం ఎందుకని మైదానం అటు పక్క నీలగిరి చెట్టుకి కట్టించాడు. అది ఈమూల కోసం పెట్టారని ఊళ్ళో పరాచికంగా అనేవారు. దాని కింద జాకీలు నెమ్మదించి, చెవులు రిక్కించి, అతను చెప్పిన వరసలో సర్దుకుని మరీ బయటికి వచ్చేవాళ్ళు. అతనేమో తనకి చూపుందని మురిసిపోయాడు. హిల్డాకి కప్పు దక్కకుండా చేసింది ఇన్నేళ్ళూ తన నోరే. ఆ సాయంత్రం అతను చక్రం బిగించడం మరిచిపోయి దిగివచ్చాడు. సిడ్ గాలిమర నెల రోజులు వెనక్కి తిరిగింది.

ఒక రాత్రీ ఒక పగలూ సిగ్గుతో కుమిలి, శుక్రవారం సాయంత్రానికి ఒక నిశ్చయానికి వచ్చాడు. పోనీ, తన నోరు చెడగొట్టినదాన్ని తన నోరే బాగుచేస్తుంది. దుమ్ము లేవగానే కస్టర్డ్‌ని ముందు పెడతాడు. పిల్లికూతలు వేస్తే వేసుకోనీ. ఆ వారంలో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున రేకుల మీద చప్పుడుకి మెలకువ వచ్చింది. వాన.

మూడేళ్ళ వాన ఒక్కసారే పడింది. రైతులు వీధుల్లోకి వచ్చి నోళ్ళు తెరిచి నిలబడ్డారు. చర్చి ఫాదర్ గారు గొడుగు ముడిచి పక్కన పెట్టేసి తడిశారు. ఊరంతటికీ పండగ, ఒక్క క్లారీకి తప్ప. అతను గూట్లో కూర్చుని మైదానం వంక చూస్తే ఏడుపు వచ్చింది. పిడికెడు దుమ్ము లేదు. అంతా బురద. పట్నం నుంచి రావాల్సిన పందెం పర్యవేక్షకుడి కారు వాగు పొంగడంతో అవతలే ఆగిపోయింది. ఆయన లేకపోయినా పర్వాలేదు, ఇన్నాళ్ళకి వానొస్తే పందెం మానతామా అని సంఘం వాళ్ళు తేల్చేశారు.

మధ్యాహ్నానికి వాన వెలిసి ఎండ కాసింది. కప్పు పందేనికి అయిదు గుర్రాలు వరసలో నిలబడ్డాయి. జెండా దిగింది. బురద చిమ్ముకుంటూ జనం ముందు నుంచి దూసుకుపోయి మలుపు తిరిగాయి. అటు పక్క మొట్టమొదటిసారి మాకు మైదానం కనిపించింది. అక్కడ నీలగిరి చెట్టుంది, దాని కింద గుర్రాలు తాగడానికి పెట్టిన పాత స్నానాల తొట్టి ఉంది. మా మైదానానికి అటు పక్క కూడా నేలే ఉందన్నమాట.

అటు పక్క కనిపిస్తున్నది చెప్పడం క్లారీకి అలవాటు లేదు. మైకు ముందు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

లౌడ్‌స్పీకర్ మూగబోయేసరికి అటు పక్క జాకీలు ఒక్కొక్కరే పగ్గాలు లాగారు. పరుగు నడకయింది. నడక ఆగిపోయింది. కస్టర్డ్‌తో సహా అయిదు గుర్రాలూ చెట్టు కిందికి చేరి నిలబడ్డాయి. అయిదుగురు జాకీలూ తలలెత్తి లౌడ్‌స్పీకర్ వంక చూస్తూ, ఎవరు ఏ చోటో చెప్తారని మర్యాదగా ఎదురుచూస్తున్నారు. ఒకడు టోపీ కూడా తీశాడు.

జనం అటు చూశారు. తర్వాత మెల్లగా తలలు తిప్పి గూటి వంక చూశారు. ఊరికి అంతా అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈమూ బొమ్మ గీసినాయనకి మాత్రం కాస్త ఆలస్యంగా వెలిగింది, ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏమోయ్ క్లారీ, నీకోసమే ఆగారు పాపం. ఏదో ఒకటి చెప్పు" అన్నాడు పబ్బు యజమాని.

క్లారీ మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "కస్టర్డ్... కస్టర్డ్ అందరికంటే ముందుంది" అన్నాడు.

కస్టర్డ్ నిజానికి అందరి వెనకాల తొట్టి పక్కన గడ్డి వాసన చూస్తోంది. జాకీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైనుంచి చూస్తున్నవాడి మాట కదా అనుకున్నారో ఏమో, గుర్రాల్ని పక్కకి జరిపి దారి ఇచ్చారు. "రా సిడ్, రా" అని చేతులతో చూపించారు. సిడ్ కస్టర్డ్‌ని ముందుకి తీసుకొచ్చి నిలబెట్టాడు. జనమంతా చూస్తుండగానే. ఎవరూ పిల్లికూత కూడా వేయలేదు, అంత తెల్లబోయి ఉన్నారు.

ముందుకి వచ్చిన కస్టర్డ్‌కి ఎదురుగా ఒక్క తోక కూడా కనిపించలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి వెనకాలో పోవడమే గాని ముందుండి ఎటు పోవాలో దానికేం తెలుసు? ఒక అడుగు వేసింది, ఆగింది. సిడ్ మడమలతో పొడిచాడు, బతిమాలాడు, చెవిలో ఏదో చెప్పాడు. అది తల వంచి మేత మొదలుపెట్టింది. ముందున్నది కదలందే వెనకవాళ్ళు కదలకూడదు గనక మిగతా నాలుగూ దాని వెనకాల వరసగా నిలబడ్డాయి.

అప్పుడు నిచ్చెన కిర్రుమంది. హిల్డా పైకి వస్తోంది. పందేల రోజు పెట్టుకునే ఊదారంగు టోపీ మీంచి పొద్దుటి వాన నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"దాన్ని ముందు పెట్టమని ఎవరన్నారు నీకు?" అంది.

"గెలవాలని..." క్లారీ నీళ్ళు నమిలాడు. "హిల్డా, నీ గుర్రాలు మంచివే. ఇన్నేళ్ళూ నేనే..."

"తెలుసు. సిడ్ చెప్పి పదేళ్ళయింది."

"పదేళ్ళా? మరి నన్ను అడగలేదేం? గుర్రాన్ని దింపడం ఎందుకు మానలేదు?"

హిల్డా బీరు పెట్టె మీద కూర్చుంది. టోపీ తీసి నీళ్ళు దులిపింది. "గెలిచే గుర్రం గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటావు నువ్వు. చివరిదాని గురించి చెప్పినట్టు ఇంకెవరి గురించీ చెప్పవు. అది విందామని దింపేదాన్ని. పొయ్యి ముందు చెమటోడుస్తూ ఏడాదంతా ఆ నాలుగు మాటల కోసం చూసేదాన్ని. సిగ్గులేదు నాకు."

క్లారీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి వెళ్ళిపోతానన్నావు."

"విసుగెత్తింది క్లారీ. పాతికేళ్ళుగా నా గుర్రంతో మాట్లాడుతున్నావు. నాతో మాట్లాడమంటే రొట్టె మర్చిపోయానంటావు. ఈవేళ దుమ్ము లేదు. ఎదురుగా కూర్చున్నా. చెప్పేదుంటే చెప్పు, లేదంటే నా సామాను సర్దుకుంటా."

దుమ్ములో ఈమూల్నీ గుర్రాల్నీ పుట్టించిన నోరు ఎండిపోయింది. గుర్రాల సంగతయితే గంటసేపు చెప్పగలడు. అతనికి దొరికింది ఒక్క మాటే.

"వెళ్ళకు. ఉండిపో."

ఆ మాట క్షణం ఆగి నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచీ తిరిగి వచ్చింది. చివరగా, సన్నగా, అటు పక్క చెట్టు మీంచి వచ్చింది. మైకు మొదటి నుంచీ పనిచేస్తూనే ఉంది. హిల్డా చెప్పింది కూడా ఊరంతా వింది. క్లారీ గూటి అంచు మీంచి కిందికి చూస్తే ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు, పబ్బు యజమాని ముక్కు తుడుచుకుంటున్నాడు.

అటు పక్క, ఎదురుచూసి చూసి విసిగిన జాకీలు అప్పుడే కస్టర్డ్‌ని చుట్టి బయలుదేరబోయారు. మాట చెవిన పడగానే నలుగురూ గబుక్కున పగ్గాలు బిగించి ఆగిపోయారు.

హిల్డా అది చూసింది. లేచి వచ్చి మైకు తన వైపుకి తిప్పుకుంది.

"మీరొచ్చేయండయ్యా" అంది. "ఉండమన్నది నన్ను."

వాళ్ళు వచ్చారు. గీత దగ్గర ఎవరు ముందు దాటారో చెప్పగలిగినవాడు ఊళ్ళో లేడు, ఎందుకంటే అందరూ గూటి వంకే చూస్తున్నారు. హాల్లో గోడ మీద ఆ ఏడాది పేరు దగ్గర ఖాళీగానే వదిలేశారు. కస్టర్డ్ మాత్రం అటు పక్క గడ్డి అయిపోయాక, సాయంత్రానికి, సిడ్ దిగి పగ్గం పట్టుకుని ముందు నడుస్తుంటే వెనకాలే నడుచుకుంటూ వచ్చింది. అప్పటికి జనం వెళ్ళిపోయారు. గూట్లో ఇద్దరే ఉన్నారు, చల్లారిపోయిన మటన్ పై చెరి సగం తింటూ. క్లారీ మైకు ముందుకి లాక్కుని, తీరిగ్గా, ఆ గుర్రం ఎలా వస్తోందో మొదటి నుంచీ చెప్పాడు.